ట్రెంచ్ మూలలు సరిగ్గా రావాలంటే

పురావస్తు తవ్వకానికి 5 మీటర్ల చదరపు ట్రెంచ్ (తవ్వాల్సిన గుంత) గుర్తు పెట్టేటప్పుడు నాలుగు భుజాలూ సమానంగా వచ్చాయి కదా అని ఆగిపోకండి. చదరం ఓ పక్కకు వాలి ఉండొచ్చు. ముందు ఒక భుజానికి రెండు గూటాలు దిగ్గొట్టి, వాటి తల మీద మేకులు కొట్టండి. ఒక్కో మేకు నుంచి ఒక్కో టేపు లాగండి. ఒకదానిలో 5 మీటర్లు, రెండోదానిలో 7.07 మీటర్లు కలిసిన చోటే మూడో మూల. టేపులు మార్చి పట్టుకుంటే నాలుగోది దొరుకుతుంది. ఇప్పుడు మూడు, నాలుగు మూలల మధ్య దూరం 5 మీటర్లు వచ్చి తీరాలి. ఏటవాలు నేలైతే టేపును నేల వెంట పరవొద్దు, ట్రెంచ్ చిన్నదైపోతుంది. మట్టంగా, బిగించి పట్టుకుని ప్లంబ్‌బాబ్ (దారానికి వేలాడే బరువు) వదలండి. ఈ పని హడావిడిగా చేయకండి. ఇక్కడ తప్పితే తర్వాత గీసే ప్రతి ప్లానూ వంకరే.