పోయినవాళ్ల ఆస్తికి అడ్మినిస్ట్రేటర్‌గా ఎవరు ఉండొచ్చు?

గుంటూరు బ్రాడీపేటలో మా చుట్టాలింట్లో పెద్దకర్మ భోజనాలయ్యి ఇంకా విస్తళ్లు ఎత్తకముందే పంచాయితీ మొదలైంది. తలకొరివి పెట్టిన పెద్దకొడుకు బీరువా తాళాలు మొలలో దోపుకుని "ఇక లెక్కలన్నీ నేనే చూస్తా" అన్నాడు. తెనాలి నుంచి వచ్చిన చెల్లెలు "మరి నన్నడిగారా?" అంది. అడగాల్సిందే.

1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయినవాళ్లు హిందువులైనా ముస్లింలైనా, ఆస్తిలో వాటా వచ్చేవాళ్లెవరైనా లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (పోయినవాళ్ల ఆస్తి లెక్కలు చూసే అడ్మినిస్ట్రేటర్‌గా నియమిస్తూ కోర్టు ఇచ్చే పత్రం) కోసం కోర్టుకెళ్లొచ్చు. హిందూ మగవాడు పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మొదటి వరసలో ఉంటారు, కూతురికి పెళ్లయిందా లేదా అన్న లెక్కే లేదు, వీళ్లలో ఒక్కరున్నా బాబాయిల దాకా వాటా రాదు. ఇద్దరు ముగ్గురు అడిగితే ఎవరికివ్వాలో జడ్జి ఇష్టం, కలిపి కూడా ఇవ్వొచ్చు (ఈ అన్నాచెల్లెళ్లు చివరికి అలాగే కలిసి వేశారు). వారసులెవరూ ముందుకు రాకపోతే అప్పిచ్చినవాడు కూడా అడగొచ్చు. క్రైస్తవుల్లో అయితే ముందు భార్యకే, ఆవిడను పక్కన పెట్టాలంటే కోర్టుకు తగిన కారణం కనపడాలి.

మైనర్లకు, మతిస్థిమితం లేనివాళ్లకు ఇవ్వరు. వీలునామాలో ఎగ్జిక్యూటర్ (దాన్ని అమలు చేయాల్సిన మనిషి) పేరుంటే దారి వేరు, ఆయన అడిగేది ప్రొబేట్, అంటే వీలునామాకు కోర్టు ఇచ్చే ధ్రువీకరణ.

అసలు మీకిది అవసరమా అన్నది ముందు చూసుకోండి. వీలునామా లేకుండా పోయిన హిందువులు, ముస్లింలు, భారతీయ క్రైస్తవుల ఆస్తిలో హక్కు నిరూపించుకోడానికి ఈ లెటర్స్ తప్పనిసరి కాదు. బ్యాంకు డిపాజిట్లు, షేర్ల లాంటివాటికి సక్సెషన్ సర్టిఫికెట్ (ఆ డబ్బు తీసుకునే హక్కు ఎవరిదో చెప్తూ కోర్టు ఇచ్చే పత్రం) చాలు. ఇంకోమాట, నామినీగా పేరున్నంత మాత్రాన బీమా డబ్బు ఆ మనిషి సొంతమైపోదని సుప్రీంకోర్టు 1984లో చెప్పింది, కానీ 2015లో బీమా చట్టం మారాక తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ మాట అలాగే వర్తిస్తుందనుకోలేం, ఇప్పటికీ ఇళ్లలో దానిమీదే గొడవలు.

కావాలనుకుంటే, పోయినాయన కాపురమున్న చోటో, ఆస్తి ఉన్న చోటో డిస్ట్రిక్ట్ కోర్టులో పిటిషన్ వేయాలి. ఎప్పుడు, ఎక్కడ పోయారు, కుటుంబంలో ఎవరెవరు ఎక్కడున్నారు, మీకు హక్కెలా వచ్చింది, ఆస్తి విలువ ఎంత, అన్నీ రాయాలి. చనిపోయిన 14 రోజులు దాటితేగానీ లెటర్స్ ఇవ్వరు. ఒక వారసుడి పేరు దాచారో, తర్వాత రద్దయ్యే ప్రమాదముంది.

చేతికొచ్చాక ఆస్తి మీదైపోయిందనుకోకండి, అది చాకిరీ. బాండు రాసివ్వాలి, 6 నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చులు కోర్టుకివ్వాలి. కోర్టు అనుమతి లేకుండా ఇల్లూ పొలం అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, 5 ఏళ్లు మించి లీజుకీ ఇవ్వకూడదు. జాబితా రాసేటప్పుడు కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి బస్తాల రసీదులు, జనాలకిచ్చిన చేబదులు నోట్లు కూడా వెతకండి, అవి బీరువాలో కాదు, ఎక్కువగా పరుపు కిందో పాత డైరీలోనో దొరుకుతాయి.