విశాఖలో ఒకటిన్నర రోజుకి వస్తే

సోమవారం రాకండి. ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి ఆ రోజు సెలవు. మామూలు రోజుల్లోనూ మధ్యాహ్నమే తెరుస్తారు కాబట్టి పొద్దున సింహాచలం పెట్టుకోండి. కొండ దిగి భోంచేసి వస్తే టైము సరిపోతుంది. సబ్‌మెరైన్ లోపల గది నుంచి గదికి వెళ్లే ద్వారాలు బాగా ఇరుకు. ముందు ఒక కాలు అవతల వేసి, తల వంచి, అప్పుడు ఒళ్లు లాక్కోవాలి. వీపున బ్యాగుంటే ఇరుక్కుపోతారు. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన సబ్‌మెరైన్ అది, తొందరపడకుండా చూడండి.

సాయంత్రం ఒడ్డునే మురీ మిక్చర్. కలిపిన వెంటనే తినెయ్యాలి, లేకపోతే టమాటా, నిమ్మరసం తడికి మరమరాలు మెత్తబడిపోతాయి. నీళ్లలోకి మాత్రం దిగొద్దు. వెనక్కి వెళ్లే అల ఈతొచ్చినవాళ్లనీ లాగేస్తుంది.

మర్నాడు అరకు వైపైతే కిరండూల్ రైలు పొద్దున 7 లోపే కదిలిపోతుంది. ఒక్క పూట మాత్రమే ఉంటే బొర్రా గుహల దగ్గరే దిగిపోండి.