ట్రాక్టర్ వైరింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: ట్రాలీ వెనక లైట్లు, ఎర్త్ సంగతి

పోయిన పాఠంలో టెస్ట్ లాంపు తయారు చేసుకున్నాం. 21 వాట్ల ఇండికేటర్ బల్బు, దానికో హోల్డరు, రెండు వైర్లు, ఒకదాని చివర క్రొకోడైల్ క్లిప్పు, రెండోదాని చివర సూది. ఈ పాఠంలో ఎక్కువ పని దానితోనే (వోల్టేజి కొలవడానికి మాత్రం మల్టీమీటరు కావాలి), కాబట్టి ఇంకా చేసుకోనివాళ్లు ముందు అది చేసుకుని రండి.

ఇక ట్రాలీ దగ్గరికి వద్దాం. మీ ఊళ్లో ట్రక్కు అంటారో తొట్టి అంటారో, ఏదైనా ఒకటే. వడ్లో పత్తో చెరకో వేసుకుని ట్రాలీ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. వెనక నుంచి బైకు 60తో వస్తుంది. తేడా 40 కిలోమీటర్లు, అంటే సెకనుకు 11 మీటర్లు. వెనక లైటు లేని ట్రాలీ చీకట్లో 30 మీటర్ల దూరంలో కనిపించిందనుకోండి, బైకు అతని చేతిలో ఉన్నది మూడు సెకన్లు కూడా కాదు. ట్రాలీ రోడ్డు పక్కన ఆగి ఉంటే రెండు సెకన్లే. ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అతికించుకోవాల్సిందే, కానీ దుమ్ము, బురద పట్టిందంటే అదీ కనిపించదు. పైగా టేపు బ్రేకు వేసిన సంగతి చెప్పలేదు. అందుకే ఈ పనిని నేను చిల్లర రిపేరు కింద చూడను. మీరూ చూడొద్దు.

ట్రాలీ లైటు వెలగకపోతే అందరం మొదట చేసే పని బల్బు మార్చడం. నేనూ అలాగే మొదలుపెట్టాను. పని నేర్చుకుంటున్న రోజుల్లో మా పక్క ఊరి రైతు ఒకాయన చెరకు తోలకం మధ్యలో ట్రాలీ తెచ్చారు. రెండే రెండు లైట్లు, రెండూ వెనకవి. ఇండికేటర్లు లేవు. లైటు స్విచ్ వేస్తే రెండూ వెలుగుతున్నాయి. బ్రేకు తొక్కితే ఇంకా గట్టిగా వెలగాల్సింది పోయి, ఉన్నవి కూడా ఆరిపోతున్నాయి. కొత్త బల్బులు వేశాను. అంతే. బ్రేకు స్విచ్ మార్చాను. అంతే. "ఏమబ్బాయ్, ఇంకా ఎంతసేపు, ఫ్యాక్టరీ దగ్గర వరుస పోతుంది" అని ఆయన టెన్షన్ పడుతున్నారు. చివరికి మా గురువుగారు వచ్చి, ట్రాక్టర్ బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక వైరు లాగి ట్రాలీ ఛాసిస్‌కి, అంటే కింది ఇనుప చట్రానికి, ఆనించారు. రెండు లైట్లూ, రెండు బ్రేకు లైట్లూ సరిగ్గా వెలిగాయి. పోయింది బల్బు కాదు, ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి.

అలా ఎందుకు జరిగిందో అర్థమైతే సగం పని వచ్చేసినట్టే. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు (వెలిగే సన్న తీగలు) ఉంటాయి: వెనక లైటుకు 5 వాట్లది, బ్రేకుకు 21 వాట్లది. అడుగున రెండు చుక్కలు రెండింటికీ ప్లస్సు. బయటి ఇత్తడి గొట్టం రెండింటికీ ఉమ్మడి ఎర్త్. ఇప్పుడు పొలం గుర్తుతెచ్చుకోండి. మడిలోకి నీళ్లు వదిలి మురుగు బోదె మూసేస్తే ఏమవుతుంది? నీళ్లు గట్టు మీదుగా పక్క మడిలోకి పోతాయి. కరెంటూ అంతే. 5 వాట్ల ఫిలమెంట్‌లోంచి వచ్చిన కరెంటు ఇత్తడి గొట్టం దాకా వచ్చి, ఎర్త్ దారి మూసుకుపోవడంతో, 21 వాట్ల ఫిలమెంట్‌లోకి తిరగబడి బ్రేకు వైరు వెంబడి ట్రాక్టర్ వైపు పోతుంది. అక్కడ ట్రాక్టర్ బ్రేకు బల్బులోంచి దిగి ఎర్త్ చేరుతుంది. అందుకే లైటు వెలిగినట్టే కనిపిస్తుంది. బ్రేకు తొక్కగానే ఆ వైరులోకీ 12 వోల్టులు వస్తాయి. రెండు వైపులా 12 వోల్టులుంటే పారుదల ఎక్కడిది? లైటు ఆరిపోతుంది.

ఇండికేటర్లు కూడా ఉన్న ట్రాలీ అయితే పూర్తిగా ఆరకపోవచ్చు. మసకబారుతుంది, లేదా బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్లు మిణుకుమంటాయి. ఒకటి వేస్తే ఇంకొకటి ఆరడం, సంబంధం లేనిది మిణుకుమనడం కనిపించిందంటే బల్బుల జోలికి పోకుండా నేరుగా ఎర్త్ దగ్గరికి వెళ్లండి.

ఈ ఎర్త్ అంత తరచుగా ఎందుకు పోతుంది? చాలా ట్రాలీలకు ఎర్త్ వైరే ఉండదు. హుక్కు, పిన్ను ఇనుమే కదా, వాటిగుండా పోతుందిలే అని వదిలేస్తారు. కొత్తలో పోతుంది కూడా. తర్వాత హుక్కుకు గ్రీజు, దుమ్ము పడతాయి, తుప్పు పడుతుంది, నడుస్తున్నప్పుడు పిన్ను ఎగిరెగిరి పడుతుంది. హైడ్రాలిక్ ట్రాలీ అయితే ఇంకో చిక్కు: లైట్లు పైకి లేచే తొట్టికి బిగించి ఉంటే, కరెంటు కింది ఛాసిస్‌కి రావాలంటే గ్రీజు నిండిన కీలు దాటాలి.

ఎర్త్ వైరు ఎంత బరువు మోస్తుందో లెక్క చూడండి. వెనక లైట్లు రెండు కలిపి 10 వాట్లు, బ్రేకు లైట్లు రెండు 42, ఒక ఇండికేటర్ 21. మొత్తం 73. 12 వోల్టులతో భాగిస్తే దాదాపు 6 ఆంపియర్లు. ప్లస్సు వైర్లు ఈ బరువును పంచుకుంటాయి, ఎర్త్ ఒక్కతే మొత్తం మోయాలి. అందుకే మిగతా వైర్లు 1.5 చదరపు మిల్లీమీటర్లవి వేసినా, ఎర్త్ మాత్రం 2.5 వేయమంటాను.

ఇక చేతితో చేద్దాం. ట్రాలీ చక్రాల కింద రాళ్లు పెట్టండి. తొట్టి ఎత్తి పనిచేయాల్సి వస్తే, జాకీని నమ్మి దాని కిందికి దూరొద్దు. గట్టి ఇనుప ఆసరా పెట్టాకే. పరీక్షలన్నీ ఇంజను ఆపి, బ్యాటరీ మీదే చేస్తాం. వైరు కోసి అతికేటప్పుడు మాత్రం బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి.

మొదట తప్పు ట్రాక్టర్‌లో ఉందా, ట్రాలీలో ఉందా తేల్చాలి. ట్రాక్టర్ సాకెట్టు నుంచి ట్రాలీ కేబుల్ ప్లగ్గు ఊడదీసి, టెస్ట్ లాంపు క్లిప్పును ట్రాక్టర్ సాకెట్టులోని ఎర్త్ పిన్నుకే పెట్టండి. బాడీకి పెడితే సాకెట్టు ఎర్త్ బాగుందో లేదో తెలియదు. సూదిని ఒక్కో పిన్నుకు తగిలిస్తూ, పక్కనున్న మనిషితో లైటు, బ్రేకు, రెండు ఇండికేటర్లు వేయించండి. కొన్ని ట్రాక్టర్లలో బ్రేకు స్విచ్ ఒక పెడల్‌కే ఉంటుంది కాబట్టి రెండు పెడళ్లనూ గొళ్లెంతో కలిపి తొక్కమనండి. రోడ్డు మీద అలాగే తొక్కాలి కూడా. అన్నిటికీ లాంపు గట్టిగా వెలిగితే ట్రాక్టర్ బాగున్నట్టే, తప్పు ప్లగ్గు నుంచి వెనకకు ఉంది.

మీటరు ఉండగా ఈ లాంపు ఎందుకని చాలామంది అడుగుతారు. పది పోగుల వైరులో తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే అది తీసుకునే కరెంటు చాలా తక్కువ. 21 వాట్ల లాంపు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. బలహీనమైన వైరు అక్కడే దొరికిపోతుంది. ఎల్ఈడీ టెస్టరు కూడా మీటరులాగే మోసం చేస్తుంది.

సాకెట్టులో ఏ పిన్ను దేనికి? ఏడు పిన్నుల సాకెట్టుకు ఐఎస్ఓ 1724 అనే ప్రమాణం ఉంది. లోపల పిన్నుల పక్కన అచ్చుపోసిన అంకెల్ని బట్టి 1 ఎడమ ఇండికేటర్, 4 కుడి ఇండికేటర్, 7 ఎడమ వెనక లైటు, 5 కుడి వెనక లైటు, 6 బ్రేకు. 2 వెనక ఫాగ్ లైటుకు. మన ట్రాలీలకు అది ఉండదు కాబట్టి ఖాళీగా వదిలేయొచ్చు. 3 ఎర్త్. దానికి తెల్ల వైరు. ఇక్కడ ఒక పెద్ద ఉచ్చు ఉంది. మనకు నల్ల వైరంటే ఎర్త్ అని అలవాటు. ఈ ప్రమాణం ప్రకారం నల్లది ఎడమ వెనక లైటు, అంటే ప్లస్సు. ట్రాలీ కేబుల్లో నల్లదాన్ని అలవాటుకొద్దీ ఛాసిస్‌కి బిగిస్తే, లైటు వేయగానే షార్ట్ అయి ఫ్యూజు ఎగిరిపోతుంది. పైగా చేతులు మారిన ట్రాలీల్లో ఎవరికి దొరికిన రంగు వాళ్లు వేసి ఉంటారు. అందుకే రంగును నమ్మకండి, అంకెను చూడండి, లాంపుతో ఖాయం చేసుకోండి.

ట్రాక్టర్ బాగుందని తేలాక ప్లగ్గు పెట్టి, లైట్లు వేసి ఉంచి, మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఒక సూది బ్యాటరీ నెగటివ్‌కి. దూరం చాలదు కాబట్టి పొడవాటి వైరు జోడించుకోండి. రెండో సూది ట్రాలీ బల్బు ఇత్తడి గొట్టానికి. ఎర్త్ బాగుంటే 0.2, 0.3 వోల్టులకు మించి చూపించదు. 3, 4 వోల్టులు చూపిస్తే ఆ మేరకు వెలుగు ఎర్త్ దారిలోనే పోతోందన్నమాట. ఎర్త్ పూర్తిగా తెగిపోయి, కరెంటుకు వేరే దారి కూడా దొరకకపోతే దాదాపు 12 చూపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఎర్త్ మీద 12 వోల్టులేమిటని కంగారు పడతారు. ఫిలమెంట్‌లోంచి వచ్చిన కరెంటు దిగే చోటు లేక అక్కడే నిలబడిపోయింది, అంతే.

బాగుచేయడం కష్టం కాదు, ఓపికగా చేయాలి. ప్లగ్గు 3వ పిన్ను నుంచి ఒకే ముక్క వైరు వెనక లైట్ల దాకా లాగండి. మధ్యలో ఛాసిస్‌కి ఒకచోట, తొట్టికి ఒకచోట రింగు లగ్గుతో (వైరు చివర నొక్కే ఉంగరం లాంటి కొస) బిగించండి. బోల్టు కింద పెయింటు పూర్తిగా గీకి, ఇనుము తళతళలాడాలి. పెయింటు మీద బిగించిన ఎర్త్ ఎర్త్ కాదు. పళ్ల వాషర్ వేసి బిగించాక పైన గ్రీజు పూయండి, ముందు కాదు. అతుకు పడితే వట్టి టేపు చాలదు, ఎండకు జిగురు కారిపోతుంది. సోల్డర్ పెట్టి, వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు తొడగండి. అన్ని అతుకులూ ఒకేచోట పడకుండా ముందూ వెనకా ఉంచండి. వైరు ఇన్సులేషన్ ఒలిచినప్పుడు రాగి నల్లగా, పచ్చగా చిలుము పట్టి ఉంటే అక్కడ అతకొద్దు, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోస్తూ వెళ్లండి. కేబుల్‌ను హుక్కు దగ్గర మలుపుకు సరిపడా వదులుగా ఉంచండి, నేలకు మాత్రం తగలకూడదు. తొట్టి లేచే కీలు దగ్గరా అంతే. చాలా వైర్లు అక్కడే నలిగి తెగుతాయి.

ఫ్యూజు పదేపదే పోతుంటే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో రాగి తీగో చుట్టే అలవాటు ఇంకా ఉంది. దయచేసి చేయొద్దు. ఆ పక్కనే డీజిల్ పైపు, ట్రాలీ నిండా ఎండు గడ్డి ఉంటాయి. దానికి బదులు ఫ్యూజు తీసి, అదే చోట టెస్ట్ లాంపును జోడించండి. ట్రాలీ బల్బులన్నీ తీసేసి, లైటు స్విచ్ వేయండి. ట్రాక్టర్ సొంత బల్బులు అదే ఫ్యూజు మీద ఉంటే వాటినీ తీయండి. ఇప్పుడు లాంపు నిండుగా వెలిగితే షార్ట్ ఉంది. లాంపు ఉంది కాబట్టి 1.75 ఆంపియర్లకు మించి పారదు, వైరు కాలదు. కేబుల్‌ను మూర మూరకూ కదుపుతూ రండి. ఎక్కడ కదిపితే లాంపు ఆరుతుందో అక్కడే తప్పు. షెడ్డులో నిలిపిన ట్రాలీ అయితే ఎలుకలు కొరికిన చోటు చూడండి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేసి ఉంచండి. మీ ట్రాలీకో, పక్కింటివాళ్ల ట్రాలీకో లైట్లు వేసి, బల్బు గొట్టానికీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజి కొలవండి. ముందు లైట్లు మాత్రమే వేసి, తర్వాత బ్రేకు కూడా తొక్కించి, రెండు అంకెలూ రాసుకోండి. తర్వాత గడ్డి లోడు వేసి, పది అడుగుల వెనక నిలబడి చూడండి. లైట్లు లోడు కింద దాగిపోతుంటే వాటిని ఎక్కడికి మార్చాలో సుద్దతో గుర్తు పెట్టండి. 5వ పాఠంలో ఇండికేటర్లను వెలిగించి ఆర్పే ఫ్లాషర్ విప్పుతాం. ట్రాలీ తగిలించగానే ఇండికేటర్ వేగం ఎందుకు మారుతుందో అప్పుడు చూద్దాం.