ఎనిమిది బార్ల దగ్గర ఆగిపోయిన ట్రాక్‌ని పాటగా ఎలా పూర్తి చేయాలి?

నా లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్ నిండా 15 సెకన్ల పాటలు ఉండేవి. ఒక్కోటి ఎనిమిది బార్ల లూప్, అంటే తిరిగి తిరిగి వినిపించే ముక్క. నాలుగు బీట్లు కలిస్తే ఒక బార్. కిక్ (డ్రమ్ దెబ్బ), బేస్ (కింది స్వరాలు), సింథ్ (ఎలక్ట్రానిక్ వాద్యం) అన్నీ కుదిరాయి, వింటే ఊపొస్తుంది, కానీ ముందుకు కదలవు. చిత్తూరులో ఉన్న స్నేహితుడికి ఒకటి పంపితే, "బాగుండాది రా, మిగతాది యాడ?" అన్నాడు. ఆ మిగతాది ఎలా పుట్టించాలో నాకు తెలిసింది చెప్తాను. ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్, రీపర్ లాంటి పాటలు చేసే సాఫ్ట్‌వేర్లలో మీరు ఏది వాడినా పద్ధతి ఇదే.

ముందు పొడవు తేల్చుకోండి. 128 బీపీఎంలో (నిమిషానికి 128 బీట్లు) నాలుగు బీట్ల బార్లు 16 అయితే సరిగ్గా అర నిమిషం. అంటే మూడు నిమిషాల పాటకు 96 బార్లు. టైమ్‌లైన్ ఖాళీగా ఉండగానే మార్కర్లు పెట్టేయండి: ఇంట్రో 16, బిల్డప్ (ఊపు పెంచే భాగం) 8, డ్రాప్ (అన్నీ ఒక్కసారిగా పడే భాగం) 16, బ్రేక్‌డౌన్ (నెమ్మదించే భాగం) 16, మళ్లీ బిల్డప్ 8, డ్రాప్ 16, చివర అవుట్రో 16. తర్వాత మార్చుకోవచ్చు. కానీ పాట ఎక్కడ అయిపోతుందో మొదటి రోజే కంటికి కనబడాలి.

ఇప్పుడు మీ లూప్‌ని 96 బార్ల పొడవునా కాపీ చేసి పరచండి. ఆ పైన కొత్తవి చేర్చకండి, ఉన్నవి తీసేయడం మొదలుపెట్టండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. పాట సాగడం లేదని ఇంకో సింథ్, ఇంకో శాంపిల్ (రికార్డ్ చేసిన శబ్దం ముక్క) వేస్తూ పోతారు.

తిరుపతి వాళ్లకు దీన్ని గంగ జాతరతో చెప్తే సులువుగా అర్థమవుతుంది. పాలెగాడిని వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం వేసిందని కథ. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి... వేషం మారుతుంది, అమ్మ ఒకటే. మీ ట్యూన్‌కి కూడా అలాగే ఒక్కో భాగంలో ఒక్కో వేషం వేయండి. ఇంట్రోలో తాళం మాత్రమే. బ్రేక్‌డౌన్‌లో కిక్, బేస్ తీసేసి ట్యూన్ ఒక్కటే మెల్లగా. డ్రాప్‌లో అన్నీ. డ్రాప్‌కు ముందు ఒక్క బార్ కిక్ ఆపి చూడండి, అది తిరిగి పడినప్పుడు బరువు తెలుస్తుంది.

మే నెల జాతరలో తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర ఫోన్‌లో రికార్డ్ చేసిన డప్పుతో నేనొక ట్రాక్ చేశాను. మొదట ప్రతి దెబ్బనూ గ్రిడ్ (స్క్రీన్ మీద బీట్ల గీతలు) మీదకు లాగాను. లెక్క సరిపోయింది, డప్పులో జీవం పోయింది. అదంతా చెరిపేసి, బాగా పలికిన రెండు బార్లు కోసుకుని, మొదటి దెబ్బను మాత్రమే బీట్‌కు కలిపాను. మిగతావి వాయించినవాళ్ల చేతిలో ఎలా పడ్డాయో అలాగే వదిలేశాను. ఈక్యూలో (కింది, పై స్వరాలను పెంచే, తగ్గించే టూల్) డప్పుని 100 హెర్ట్జ్ కింద కోస్తే కిక్‌కి చోటు దొరికింది. జనం అరుపులు తీసేయలేదు. బ్రేక్‌డౌన్‌కి ప్రాణం అవే.

పాట నిర్మాణం కుదిరాక మిడి ట్రాక్‌లను (శబ్దం కాకుండా నోట్లు మాత్రమే దాచుకునేవి) ఆడియోగా మార్చేయండి. లేదంటే రాత్రంతా ప్రీసెట్లు (రెడీమేడ్ సౌండ్లు) మార్చుతూ కూర్చుంటారు. అసలు ప్రాజెక్ట్ కాపీ ఒకటి విడిగా ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

మిక్స్‌లో (అన్ని శబ్దాలనూ సరితూచి కలిపేటప్పుడు) మాస్టర్ పీక్, అంటే మొత్తం పాటలో అతి గట్టి శబ్దం, మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూడండి. కిక్ పడినప్పుడు బేస్ కాస్త తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టండి. ఒకసారి మోనోలో (ఎడమ, కుడి శబ్దాలను ఒకటిగా కలిపి) వినండి, ఏదైనా సింథ్ మాయమైతే దాని స్టీరియో వెడల్పు తగ్గించాలి.

తర్వాత లాప్‌టాప్ మూసేయండి. నేను ఎంపీ3 తీసుకుని చిత్తూరు బస్సెక్కి ఇయర్‌ఫోన్స్‌లో వింటాను. చేతిలో లాప్‌టాప్ ఉండదు కాబట్టి అక్కడికక్కడ ఏదీ మార్చలేను, కాగితం మీద రాసుకోవడమే: "1:12 ఖాళీగా ఉంది", "రెండో డ్రాప్‌లో హై హ్యాట్ గట్టిగా ఉంది". ఐదు మించి రాయకండి. ఇంటికొచ్చి ఆ ఐదే సరిచేయండి. ఆరోది గుర్తొస్తే తర్వాతి పాటకు.

ఈ పని మొదలుపెట్టేటప్పుడే ఎవరో ఒకరికి మాటివ్వండి, "శనివారం రాత్రి తొమ్మిదికి పంపిస్తా" అని. ఆ టైమ్‌కి 24 బిట్ వేవ్ ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసి, మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి విని, పంపేయండి.