థ్రాష్ లైవ్ ఆల్బమ్ వినడం – 4వ పాఠం: వేగాన్ని కొలవడం

థ్రాష్ (హెవీ మెటల్ సంగీతంలో అతి వేగమైన శైలి) వాయించే స్లేయర్ బృందం వారి ‘డెకేడ్ ఆఫ్ అగ్రెషన్’ ఆల్బమ్‌లోని ‘ఏంజెల్ ఆఫ్ డెత్’ను 1986 నాటి స్టూడియో రికార్డింగుతో పోల్చి, ఏది వేగంగా ఉందో తేల్చమని గత పాఠంలో అడిగాను. చాలామంది రెండు ట్రాకుల నిడివి చూసి, తక్కువ నిమిషాలు ఉన్నదే వేగమైనదని తీర్పు చెప్పేశారు. అందుకని ఈసారి అనుకున్న గిటార్ సోలోల పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

1991 అక్టోబరులో వచ్చిన ఈ రెండు డిస్కుల ఆల్బమ్‌ను లండన్‌లోని వెంబ్లీ అరీనా కచేరీతో పాటు ఫ్లోరిడా, కాలిఫోర్నియా కచేరీల నుంచి కూర్చారు. జనం కేకలు, పాటకు ముందు గాయకుడు టామ్ అరాయా చెప్పే రెండు ముక్కలు, చివరి తీగ మోత పూర్తిగా అణిగేదాకా గడిచే క్షణాలు, ఇవన్నీ ఏదో ఒక ట్రాకు లెక్కలోనే పడతాయి. కనుక నిడివిని బట్టి పాట వేగాన్ని నిర్ణయించడం కుదరదు.

కొలవవలసింది రిఫ్‌ను, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరుసను. రెండు రికార్డింగుల్లోనూ ఒకే రిఫ్ ఒకే విధంగా వచ్చే చోటును ఎంచుకుని, 32 తాళపు దెబ్బలకు ఎన్ని సెకన్లు పట్టాయో స్టాప్‌వాచ్‌తో చూడండి. ఉదాహరణకు 9.6 సెకన్లు పడితే నిమిషానికి 200 దెబ్బలు, 9.1 పడితే సుమారు 211. ఫోన్ యాప్‌లు ఈ ధాటికి తరచుగా సగమో రెట్టింపో చూపుతాయి కాబట్టి నేను వాటిని వాడను. మోకాలి మీద చెయ్యే నాకు నమ్మకం.

అసలు చిక్కు స్నేర్ డ్రమ్ (పుల్లతో కొట్టే, చురుకైన శబ్దమిచ్చే డ్రమ్) దగ్గర ఉంది. డ్రమ్మర్ డేవ్ లొంబార్డో కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్), స్నేర్‌లను వెంటవెంటనే మార్చి వాయిస్తున్నంతసేపు పాట పరుగెత్తుతున్నట్టు ఉంటుంది. అదే స్నేర్‌ను దూరందూరంగా కొట్టగానే బృందం నెమ్మదించిందని మీరు రాస్తున్నారు. గిటార్ కుడిచేతి కదలిక మారనంత వరకు వేగం మారలేదు. ఆది తాళంలో చేతి దెబ్బ మారకుండానే పాట రెండో కాలంలోకి వెళ్లినట్టు, ఇక్కడ మారింది దెబ్బల మధ్య నింపిన సాంద్రత మాత్రమే. అయితే ‘ఏంజెల్ ఆఫ్ డెత్’ మధ్యలో వేగం నిజంగానే తగ్గుతుంది. పబ్లిక్ ఎనిమీ బృందం 1988లో తమ ర్యాప్ పాటలో శాంపుల్‌గా (పాత రికార్డింగు నుంచి తీసుకున్న ముక్కగా) వాడుకున్నది ఆ మధ్య భాగంలోని రిఫ్‌నే. ఆ భాగాన్ని తెచ్చి మొదటి భాగంతో పోల్చిన వారు కొలతను మళ్లీ చేయండి.

అభ్యాసం: ఇదే ఆల్బమ్‌లోని ‘సౌత్ ఆఫ్ హెవెన్’ లైవ్ ట్రాకును మొదటి నుంచి చివరిదాకా మోకాలి మీద దెబ్బ ఆపకుండా వినండి. వేగం నిజంగా మారిన ప్రతి చోటునూ, స్నేర్ మాత్రమే మారిన ప్రతి చోటునూ సమయంతో సహా రెండు వరుసల్లో రాయండి. ఆ తరువాత 1988 స్టూడియో రికార్డింగుకు అదే పట్టిక వేయండి. ట్రాకు నిడివిని ఎక్కడా రాయవద్దు.