ఊరి మీద దాడి జరగకముందే చేసుకోవాల్సిన పనులు

అడవి అంచు ఆదివాసీ ఊళ్లలో ప్రథమ చికిత్స, ఊరి రక్షణ నేర్పుతూ పదకొండేళ్లు తిరిగాను. సాయుధులు వచ్చి పడితే ఏం చేయాలని అందరూ అడుగుతారు. రాకముందు ఏం చేయాలని అడిగేవాళ్లు తక్కువ. కాల్పులు మొదలయ్యాక ఊరికి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ టెన్షన్‌లో కొత్తగా ఆలోచించడం ఎవరివల్లా కాదు. అందుకే ఇక్కడ రాసినదాంట్లో ఎక్కువ భాగం మామూలు రోజుల్లో చేసుకోవాల్సిన పనే.

ముందు ఊరంతా ఒకచోట కూర్చోండి. పెద్దలు మాత్రమే కూర్చుంటే సగం సంగతి బయటికి రాదు. వేసవిలో ఏ చెలమలో నీళ్లుంటాయో ఆడవాళ్లకు తెలుసు. పొదల్లోంచి వాగు దాటించే దారులు పశువులు కాసే పిల్లలకు తెలుసు. నేల మీద బొగ్గుతో ఊరు గీయండి: ఇళ్లు, దారులు, నీళ్లు, దాక్కోవడానికి పనికొచ్చే లోయలు. నిండు గర్భిణి, మంచం పట్టిన ముసలివాళ్లు, చూపు లేనివాళ్లు ఉన్న ఇళ్ల మీద ఒక్కో రాయి పెట్టండి. ప్రతి రాయికీ ఇద్దరు బాధ్యులు కావాలి. వాళ్లు అక్కడే, అందరి ముందూ ఒప్పుకోవాలి. ఆ తర్వాత గీసినదంతా నీళ్లు చల్లి చెరిపేయండి.

ఈ చెరపడం దగ్గర నేనొకసారి తప్పు చేశాను. మొదట్లో అన్నీ పద్ధతిగా ఉండాలని బాధ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి ఒక కుర్రాడి చేతికిచ్చాను. దారిలో సాయుధులు ఆపి జేబులు వెతికారు. ఆ కాగితం చూసి, ఇదేదో అవతలి పక్షంవాళ్ల జాబితా అనుకున్నారు. రెండు రాత్రులు వదల్లేదు. ప్రాణాలతో తిరిగొచ్చాడు గానీ, వాళ్లమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. పేర్లు తలలోనే ఉంచుకోండి. ఫోన్‌లో ఫొటో కూడా వద్దు.

ప్రమాదం ముందుగా కొన్ని గుర్తులు చూపిస్తుంది. సంతకొచ్చే వ్యాపారులు చెప్పాపెట్టకుండా మానేస్తారు. ఫలానావాళ్ల ఇల్లెక్కడని కొత్త మనుషులు అడుగుతారు. గోడల మీద రాతలు కనిపిస్తాయి. పదిహేనేళ్ల పిల్లలతో ఎవరో స్నేహం కలుపుతుంటారు. ఇలాంటిది ఏది చెవినపడ్డా చెప్పడానికి ఊళ్లో ఒకే మనిషి ఉండాలి. ఆ మనిషి అడగాల్సిన మొదటి ప్రశ్న: "నువ్వు చూశావా, విన్నావా?" చూసుంటే ఎప్పుడు, ఎక్కడ, ఎంతమందిని? విన్నదైతే ఎవరి నోట? పుకారుతో ఊరు రెండుసార్లు అనవసరంగా పరుగెత్తిందంటే, మూడోసారి నిజంగా ప్రమాదం వచ్చినా కదలదు.

హెచ్చరికకు ఫోన్‌ను నమ్ముకోవద్దు. గొడవల్లో ముందు పోయేది సిగ్నలే. డోలో, గంటో, కొమ్ము బూరో ఏదైనా సరే, రెండే అర్థాలు పెట్టుకోండి: సర్దుకోండి, కదలండి. పెళ్లికో చావుకో వాయించే దరువుకు దగ్గరగా ఉండకూడదు. కలుసుకునే చోట్లు కూడా రెండుండాలి, ఒక దారి మూసుకుపోతే రెండోది దిక్కు. సాయుధులు ఎప్పుడైనా బస చేసిన బడి, పంచాయతీ భవనం లాంటివి ఆ రెండిట్లో ఉండకూడదు.

ఇంటికొక సంచి కట్టుకోండి. గుర్తింపు కార్డులు, భూమి కాగితాల నకళ్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అడుగున పెట్టండి. అసలు కాగితాలకు ఇంకో నకలు వేరే ఊళ్లో నమ్మకమైన చుట్టాల దగ్గర ఉండాలి. దాడి వెనక చాలాసార్లు భూమో, గనో, కలపో ఉంటుంది. మనుషులు తిరిగొచ్చేసరికి హద్దులు మారిపోతాయి. పైన రోజూ వేసుకునే మందులు, అగ్గిపెట్టె, దుప్పటి, శుభ్రమైన గుడ్డలు, ఉప్పు, చక్కెర పెట్టండి. లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ప్రాణం నిలబెట్టేది ఇదే.

మొదటిసారి సాధన కోసం ఊరంతా సంచులతో కదిలి చూసినప్పుడు ఒక ముసలవ్వ సంచి వదిలేసి సొరకాయ బుర్రొకటి చంకన పెట్టుకుని వచ్చింది. నోటికి గుడ్డ బిగించి కట్టి ఉంది. విప్పితే మూడు రకాల చిరుధాన్యాల విత్తనాలు, బూడిదలో కలిపి. "బట్టలు ఎవరైనా ఇస్తారు బిడ్డా, ఇవెవరిస్తారు?" అంది. నా జాబితాలో విత్తనాల ఊసే లేదు. ఆ రోజు నుంచి ప్రతి ఊళ్లోనూ వాటి పేరు ముందు చెబుతున్నాను.

కాల్పుల్లో చిక్కుకుంటే లేచి పరుగెత్తొద్దు. నేలకు కరుచుకోండి. తలుపులకు, కిటికీలకు దూరంగా, రెండు గోడల వెనక ఉండండి. కదలాల్సి వస్తే చిన్న గుంపులుగా వెళ్లండి. ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఒక పెద్దమనిషి చెయ్యి ముందే ఖాయమై ఉండాలి. మూడేళ్లు దాటిన పిల్లలకు అమ్మానాన్నల పూర్తి పేర్లు, ఊరి పేరు పాటలా నేర్పండి. "అమ్మ పేరేంటి" అంటే "అమ్మ" అని చెప్పే వయసు అది.

నెత్తురు ధారగా కారుతుంటే గుడ్డ పెట్టి బలమంతా వేసి నొక్కండి. చేతికో కాలికో తగిలి అది ఆగకపోతే, గాయానికి పైన నాలుగు వేళ్ల దూరంలో, కీలు మీద పడకుండా, వెడల్పాటి గుడ్డతో కట్టి కర్రతో మెలిపెట్టి బిగించండి. కట్టిన టైమ్ గుర్తుపెట్టుకోండి. ఆసుపత్రి చేరేదాకా వదులు చేయొద్దు. సన్నటి తాడు వాడొద్దు, కండ కోసుకుపోతుంది.

ప్రతి ఊళ్లోనూ కుర్రాళ్లు నన్నడిగే ప్రశ్న ఒకటుంది: మనమూ తుపాకులు పడితే? వద్దు. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే దళం మొదలై ఆదివాసీ యువకుల చేతికి ఆయుధాలొచ్చాయి. ఊళ్లు ఖాళీ అయ్యాయి, ఎన్నో కుటుంబాలు గోదావరి వైపు అడవుల్లోకి వలస వచ్చాయి. అలా ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఊళ్లో ఒక్కడు తుపాకీ పడితే అవతలివాళ్ల కళ్లకు ఊరంతా శత్రువే.

కొలంబియాలోని కౌకా ప్రాంతంలో నాసా అనే ఆదివాసీ తెగకు సొంత కాపలాదళం ఉంది. చేతిలో రంగు పీచులు కట్టిన కర్ర తప్ప ఆయుధం ఉండదు. 2004లో తమ మేయర్‌ను గెరిల్లాలు ఎత్తుకెళ్తే, వందల మంది ఆ కర్రలతోనే కొండలు దాటి వెళ్లి విడిపించుకొచ్చారు. అయితే ఇది చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. 2019 అక్టోబర్‌లో అదే ప్రాంతంలో ఆదివాసీ నాయకురాలు క్రిస్టీనా బౌటిస్టాను, నలుగురు కాపలాదారులను సాయుధులు కాల్చి చంపారు. నిరాయుధంగా ఉన్నంత మాత్రాన తూటా ఆగదు. ఆ దళం బలం సంఖ్యలో ఉంది. అందుకే ఒంటరిగా మాట్లాడటానికి ఎవరినీ పంపొద్దు. ఎవరొచ్చి అన్నం, దారి, సమాచారం అడిగినా జవాబు ఊరి జవాబుగానే ఉండాలి. సాయుధుల దుస్తులు, సామాన్లు ఇంట్లో దాచొద్దు. వాళ్లతో ఫొటోలు దిగొద్దు.

చట్టం మాటలు కూడా నోటికి వచ్చుండాలి. పౌరులను చంపకూడదు, బందీలుగా పట్టకూడదు అనే జెనీవా ఒప్పందాల (యుద్ధ నియమాలపై దేశాలు చేసుకున్నవి) మూడో అధికరణం ప్రభుత్వేతర సాయుధులకూ వర్తిస్తుంది. తాము న్యాయం కోసం పోరాడుతున్నామని చెప్పుకునే కమాండర్ ముందు ఈ మాట కొన్నిసార్లు పనిచేస్తుంది. ఆదివాసీలు తమ నేల నుంచి చెదిరిపోకుండా కాపాడటం ప్రభుత్వాల ప్రత్యేక బాధ్యత అని నిర్వాసితులపై ఐక్యరాజ్యసమితి 1998 మార్గదర్శకాల్లో తొమ్మిదో సూత్రం చెబుతుంది. అధికారులకు రాసే అర్జీలో ఇది పెట్టండి.

గొడవ సద్దుమణిగాక ముందు తలలు లెక్కపెట్టండి. తప్పిపోయినవాళ్ల కోసం రెడ్‌క్రాస్‌ను అడగండి, విడిపోయిన కుటుంబాలను వెతికి కలపడం వాళ్లు చేసే పనుల్లో ఒకటి. ఒంటరిగా దొరికిన బిడ్డను సాయం చేస్తామని వచ్చిన వాళ్లకు తొందరపడి అప్పజెప్పొద్దు. జరిగింది రాసుకోండి, కానీ బాధపడిన ఆడమనిషి చేత పదిమంది ముందు పదిసార్లు చెప్పించొద్దు. ఒక్కసారి, ఆమె ఒప్పుకుంటే, ఆమె నమ్మే మనిషి దగ్గర.

తిరిగి ఊళ్లోకి వెళ్లేటప్పుడు పిల్లలను ముందు పరుగెత్తనివ్వద్దు. మెరిసే లోహపు ముక్క, తీగ, కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తే మందుపాతర కావొచ్చు, ముట్టుకోకుండా, వచ్చిన అడుగుల మీదే వెనక్కి నడవండి. దూరంగా రాళ్లు పేర్చి గుర్తు పెట్టి కబురు పంపండి.

వానలు పడ్డాక మళ్లీ ఒకసారి ఊరంతా కదిలి చూడండి. వాగు దారి మార్చి ఉంటుంది, పోయినేడాది చంకనెక్కిన బిడ్డ ఇప్పుడు నడుస్తుంటుంది.