ఆక్యుపంక్చర్‌కు ఇన్సూరెన్స్ వస్తుందా? సూదులు గుచ్చించుకునే ముందే తేల్చుకోవడం ఎలా?

నడుము నొప్పికి కర్నూలులోనో అనంతపురంలోనో ఆక్యుపంక్చర్ క్లినిక్‌కు వెళ్లి, పది సిట్టింగులయ్యాక బిల్లులన్నీ కట్టగట్టి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపితే మామూలుగా అవి వెనక్కే వస్తాయి. నొప్పి తగ్గిందా లేదా అన్నది అక్కడ ఎవరికీ పట్టదు. వైద్యం చేసిందెవరు, ఎక్కడ చేశారు, 24 గంటలు అడ్మిట్ అయ్యారా అన్నవే చూస్తారు.

ముందు పాలసీలో ఆయుష్ గురించి ఏం రాశారో చదవండి. ఆయుష్ వైద్యాన్ని మిగతా వైద్యంతో సమానంగా చూడాలన్న, బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఆదేశం 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునాని, సిద్ధ, సోవా రిగ్పా (టిబెట్ వైద్యం), హోమియో, ఇవే ఆయుష్. ఆక్యుపంక్చర్ పుట్టిన చైనా వైద్యం ఇందులో లేదు. కేంద్రం 2019లో ఆక్యుపంక్చర్‌ను విడి చికిత్సా పద్ధతిగా గుర్తించిన మాట నిజమే. గుర్తింపు వచ్చినంత మాత్రాన క్లెయిమ్ రాదు.

తర్వాత మినహాయింపుల పేజీకి రండి. కోడ్ 16 నిరూపణ కాని చికిత్సల గురించి, కోడ్ 13 స్పాలు, ప్రకృతి చికిత్సా కేంద్రాల గురించి. తిరస్కరించేటప్పుడు కంపెనీలు పట్టుకునే కొక్కేలు ఇలాంటివే.

మరి దారే లేదా? సన్నని దారి ఒకటుంది. బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) డాక్టర్ల చదువులో ఆక్యుపంక్చర్ కూడా ఉంటుంది. అలాంటి డాక్టర్ ఉన్న ఆసుపత్రిలో, నిజంగా అడ్మిషన్ అవసరమైన జబ్బుకు చేరితే, చికిత్సలో భాగంగా ఒప్పుకునే అవకాశం ఉంది. ఆ ఆసుపత్రికి కనీసం 5 పడకలు, రాత్రింబవళ్లు అందుబాటులో ఉండే అర్హత గల డాక్టర్, చికిత్సకు విడి గదులు, రోజువారీ రికార్డులు ఉండాలి. కప్పింగ్ (ఒంటి మీద కప్పులు బోర్లించి చేసే వైద్యం) కావాలనుకునేవాళ్లకు ఇంకో సంగతి: యునానిలో దాన్నే హిజామా అంటారు, యునాని ఆయుష్‌లో ఉంది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ యునాని వైద్య కళాశాల ఉంది కూడా. పొద్దున వెళ్లి మధ్యాహ్నం తిరిగొచ్చే ఓపీ వైద్యానికి మాత్రం, పాలసీలో ఓపీడీ కవర్ విడిగా ఉంటేనే ఆశ పెట్టుకోండి.

చేరే ముందే కంపెనీకి మెయిల్ పెట్టండి. ఫోన్‌లో ఏజెంట్ "వస్తుంది సార్" అన్న మాట తర్వాత సాక్ష్యానికి పనికిరాదు. మెయిల్‌లో జబ్బు పేరు, డాక్టర్ డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు, ఆసుపత్రి పేరు, ఎన్ని రోజులో రాసి, "దీనికి చెల్లిస్తారా? లేకపోతే ఏ క్లాజు ప్రకారం?" అని సూటిగా అడగండి.

బిల్లులో ఆక్యుపంక్చర్ బదులు ఫిజియోథెరపీ అని రాసిస్తామనే క్లినిక్‌లుంటాయి. ఒప్పుకోవద్దు. దొరికితే ఆ క్లెయిమే కాదు, పాలసీ కూడా పోవచ్చు.

అమెరికాలో ఉన్న పిల్లలు "ఇక్కడ ఇస్తారు కదా" అంటారు. అక్కడ ముఖ్యంగా పెద్ద వయసువాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా 2020 నుంచి, 12 వారాలు దాటిన నడుము నొప్పికి మాత్రమే ఇస్తోంది. 90 రోజుల్లో 12 సిట్టింగులు, గుణం కనిపిస్తే మరో 8. ఆ చట్టం కడపలో చెల్లదు.

క్లెయిమ్ కాదంటే కారణం రాతపూర్వకంగా తీసుకుని, మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఏడాది దాటితే తీసుకోరు.